గండికోటలో భూగోళం పాఠం

తల్లిదండ్రులకు నమస్కారం.

సంక్రాంతి సెలవులకు ముందు తొమ్మిదో తరగతి పిల్లల్ని గండికోట తీసుకెళ్తున్నాం. "చూసిన కోటే కదా, మళ్లీ ఎందుకు?" అని కొందరు అడిగారు. ఎర్రమల కొండల్ని పెన్న ఎలా కోసిందో ఈసారి పిల్లలు కొలిచి, పటం గీస్తారు.

తరగతిలో సర్వే ఆఫ్ ఇండియా టోపోషీట్ (నేల ఎత్తుపల్లాలు చూపే పటం) చదవడం మొదలైంది. 1:50,000 స్కేలు పటంలో మామూలుగా ఒకే ఎత్తున్న చోట్లను కలిపే సమోన్నత రేఖకూ రేఖకూ 20 మీటర్ల ఎత్తు తేడా. మిట్ట మీద ఎడంఎడంగా సాగే గీతలు లోయ దగ్గర ఒకదాన్నొకటి ఒరుసుకుంటాయి. ఆ ఇరుకు అంటే నిలువు బండ అని అక్కడ నిలబడితేనే పిల్లల మనసుకెక్కుతుంది.

ముందు కన్ను, కాగితం, దిక్సూచి. ఆ తర్వాతే ఫోను. ఈ వరస నేను పట్టుబట్టి పెట్టించాను. వాలు కొలిచే సాధనం పిల్లలే చేసుకున్నారు: కోణమాని, దాని నడుమ దారం, దారం కొసకు ఇనప నట్టు, పైన అంటించిన స్ట్రా. ఒకరు స్ట్రాలోంచి కొండ కొసను చూస్తే, పక్కనున్నవారు దారం ఏ డిగ్రీ మీద నిలిచిందో చదువుతారు. గాలికి దారం ఊగుతుంది. అది నిలిచేదాకా ఆగి, మూడుసార్లు చూసి రాసుకోవాలి.

ఫోనులో స్థానాన్ని కోట గోడ మొదట్లో ఒకసారి, బయట బండ మీద ఒకసారి నమోదు చేస్తారు. గోడ సగం ఆకాశాన్ని మూసేస్తే అందే ఉపగ్రహాలు తగ్గుతాయి, రాతికి తగిలి వచ్చిన సంకేతాలు లెక్క తప్పిస్తాయి. ఎత్తు సంగతి ఇంకా తమాషా. కొన్ని యాప్‌లు సముద్రమట్టం నుంచి కాక, భూమికి గణితం ఇచ్చిన నున్నటి ఆకారం నుంచి ఎత్తు లెక్కిస్తాయి. మన ప్రాంతంలో ఆ అంకె టోపోషీట్ కంటే సుమారు 80 మీటర్లు తక్కువ వస్తుంది. ఏది దేన్నుంచి కొలిచిందో పిల్లలే తేల్చాలి.

తిరిగొచ్చాక కంప్యూటరులో పటాలు గీసే ప్రోగ్రాం క్యూజీఐఎస్‌లో తమ బిందువుల్ని, 2000లో అంతరిక్ష నౌక నుంచి రాడార్‌తో తీసిన ఎత్తుల పటం మీద పెడతారు. అందులో ఒక్కో గడి దాదాపు 30 మీటర్లు. కాబట్టి నిలువు గోడ అందులో ఏటవాలుగా కనబడుతుంది.

ఈ చదువు దేనికని అడిగేవారికి మన పొలాలే జవాబు. 2020 డిసెంబరులో మొదలైన భూముల రీసర్వేలో డ్రోన్లు, రోవర్లు (ఉపగ్రహ సంకేతాలతో హద్దులు కొలిచే పరికరాలు) మన గట్ల మీదికే వచ్చాయి. సెంటీమీటర్లలో కొలిచే రోవర్‌కూ, మీటర్లలో తప్పే ఫోనుకూ తేడా తెలిసిన బిడ్డ రేపు ఇంట్లో హద్దుల మాట వచ్చినప్పుడు అక్కరకొస్తుంది. 1811లో బ్రిటిష్ సర్వేయరు లాంబ్టన్ బృందం, దేశాన్ని త్రిభుజాలుగా కొలిచే తన మహా సర్వే కోసం, గుత్తి దగ్గర ఆధారరేఖ (మిగతా దూరాలు లెక్కగట్టడానికి ముందుగా నేల మీద కొలిచే గీత) కొలిచింది. ఈ పని మన సీమకు కొత్త కాదు.

ఆడపిల్లల్ని ఇంట్లో ఆపకండి, ఇది నా ప్రత్యేక మనవి. ఇద్దరు ఉపాధ్యాయినులు వెంట ఉంటారు, చీకటి పడకముందే కడపకు చేరతాం. లోయ అంచుకు ఎవరినీ పోనివ్వం. వేలిముద్ర గానీ సంతకం గానీ చేసిన అనుమతి పత్రం శుక్రవారంలోగా పంపండి. బూట్లు, టోపీ, రెండు లీటర్ల నీళ్లు, మధ్యాహ్నానికి సద్ది తప్పనిసరి. ఆస్తమా, ఫిట్స్ లాంటివి ఉంటే పత్రం వెనక రాయండి.

ఇట్లు,
ప్రధానోపాధ్యాయురాలు