వార్షిక నివేదిక: పండుగలు, రారిటన్ సెంటర్ రైలు పట్టాల సదస్సు

సభ్యులందరికీ నమస్కారం. ఉగాది, బతుకమ్మ, దీపావళి ఎప్పటిలాగే ఘనంగా జరిగాయి. వంట చూసుకున్న అక్కయ్యలకు, కుర్చీలు మోసిన పిల్లలకు పేరుపేరునా ధన్యవాదాలు.

ఈ ఏడు గర్వంగా చెప్పుకోదగ్గది అమెరికాలోని న్యూజెర్సీలో ఉన్న ఎడిసన్‌లోని రారిటన్ సెంటర్ అనే గోదాముల ప్రాంతంలోని రైలు పట్టాల గురించి జరిపిన సదస్సు. అక్కడ గోదాములు తీసుకుంటున్న మనవాళ్లు చాలామందే. వెనకనున్న పట్టాలు ఎవరివో మాత్రం ఎవరూ అడగరు. ఆ చోటు 1917లో సైన్యం పెట్టిన ఆయుధాగారం, 1964లో మూతపడింది. ఇప్పుడు లోపలి పట్టాల మీద రారిటన్ సెంట్రల్ అనే చిన్న రైల్వే సరుకు నడుపుతోంది.

సైన్యం తన భూమిని లీజుకిస్తే అమెరికా ఫెడరల్ చట్టాల్లో 10వ టైటిల్‌లోని 2667వ సెక్షన్ వర్తిస్తుంది. మామూలుగా అయిదేళ్లకు మించదు, మినహాయింపు లేకపోతే ఎప్పుడైనా రద్దు చేసుకునే హక్కు వాళ్లదే. అమ్మకమైతే మిగులు భూమిగా తేల్చాక ముందు ఇతర ఫెడరల్ శాఖలను అడుగుతారు, ఆ తర్వాతే రాష్ట్రం, ఊరు, చివరికి వేలం. క్విట్‌క్లెయిమ్ దస్తావేజు చేతికొస్తే హక్కుకు ప్రభుత్వం పూచీ ఉండదు. కాబట్టి పట్టాల కింది నేల సొంతమా, దారి హక్కు మాత్రమేనా అన్నది సంతకానికి ముందే లాయరుతో చూపించుకోవాలి.

యజమాని అనుమతితో వాడకంలో లేని ఒక సైడింగు (ప్రధాన పట్టాల నుంచి చీలిన పక్క పట్టా) చూపించాం. పట్టాల కింది కొయ్య దిమ్మ, అంటే స్లీపరు, పైకి గట్టిగానే ఉంది, పట్టాను దానికి బిగించే మేకు మాత్రం చేత్తో లాగితే ఊడి వచ్చింది. పట్టా కింది ఇనుప ప్లేటు అడుగున కొయ్య పొడిపొడి. కారణం నీళ్లు: పక్క కాలువ పూడి, కంకరలోకి బురద ఎక్కింది. మేకు పట్టు వదిలితే గేజి, అంటే రెండు పట్టాల మధ్య దూరం, విచ్చుకుని చక్రం లోపలికి జారుతుంది. గంటకు 10 మైళ్ల సరుకు బండికి కూడా ప్రతి 39 అడుగులకు కనీసం 5 మంచి స్లీపర్లు ఉండాలి, గేజి 4 అడుగుల 10 అంగుళాలు దాటకూడదు. స్లీపర్లు మార్చడానికి తవ్వేముందు ఆర్మీ కోర్ ఆఫ్ ఇంజినీర్స్‌ను అడగకుండా పార దించొద్దు. పేలని గుండ్లు దొరికిన నేల అది.

పట్టాల కొలతలకు పేరిచ్చినవారిలో సగం మంది రాలేదు, కబురైనా చేయలేదు. వచ్చిన నలుగురే ఎండలో టేపు పట్టుకున్నారు, వారికి సంఘం రుణపడి ఉంది. పాత దస్తావేజుల నకళ్ల కోసం ఒక కార్యాలయానికి మూడుసార్లు రాశాం. జవాబు లేదు. ఇది బాధ్యత గల పద్ధతి కాదు.

జమాఖర్చులు కోశాధికారి గారి పట్టికలో ఉన్నాయి, ఆమోదించగలరు. నకళ్లు అందగానే గోదాములున్న సభ్యులకు ముందుగా పంపుతాం.

ఇట్లు,
కార్యదర్శి