ఇంగ్లీషు మాట్లాడించాలంటే మాయా గుహలోకి పంపండి

సంపాదకులకు నమస్కారం.

తెలంగాణ ప్రభుత్వ బడుల్లో 2022-23 నుంచి ఒకటి నుంచి ఎనిమిదో తరగతి దాకా ఇంగ్లీషు మీడియం మొదలైంది. ఒక పేజీ తెలుగు, ఎదురు పేజీ ఇంగ్లీషుగా పుస్తకాలూ వచ్చాయి. పిల్లలు చదువుతున్నారు, రాస్తున్నారు, నోరు మాత్రం విప్పడం లేదు. పదో తరగతి పబ్లిక్ పరీక్షలో మాట్లాడటానికి మార్కుల్లేవు కనుక దానికి పీరియడూ దొరకదు.

ఈ లోటు తీర్చడానికి మాయా లోకపు రోల్ ప్లేయింగ్ ఆటలు బాగా పనికొస్తాయి. 1974లో అమెరికాలో వచ్చిన డంజన్స్ అండ్ డ్రాగన్స్‌తో ఇవి మొదలయ్యాయి. ఈ ఆటంతా మాటలే. ఒకరు కథ నడుపుతారు, మిగతావారు తమ పాత్ర ఏం చేస్తుందో చెబుతారు. మూడు వందల పైచిలుకు పేజీల దాని నిబంధనల పుస్తకం మనకు అక్కర్లేదు, లూడో పాచిక చాలు.

గుంపుకు ఆరుగురు, అందులో కథ నడిపే ఒకరు సూత్రధారి. ప్రతి ఆటగాడికీ బలం, తెలివి, మాటకారితనం అని మూడు గుణాలు. వాటికి 5 అంకెలు పంచుకోవాలి, ఏదీ 1 కన్నా తగ్గకూడదు. చేసే పని ఇంగ్లీషులో చెప్పి పాచిక వేయాలి. పాచికలో పడిన అంకెకు ఆ పనికి తగిన గుణం అంకె కలిపి 5 గానీ అంతకు మించి గానీ వస్తే పని అయినట్టే. ఎలా చేస్తాడో కూడా చెబితే ఇంకో 1 కలపాలి. దీంతో 'ఐ క్లైంబ్' అని ఆగిపోయేవాడు 'ఐ విల్ క్లైంబ్ ద వాల్ విత్ ఎ రోప్' దాకా వస్తాడు. పాచిక తప్పినా కథ ఆగకూడదు. తాడు తెగిందనో, కాపలా రాక్షసుడు లేచాడనో మలుపు తిప్పాలి.

ఆట దెబ్బతినేది మూడు చోట్ల. చురుకైనవాడే అంతా మాట్లాడేస్తాడు. అందుకే తలా మూడు చింతగింజలివ్వాలి. మాటకో గింజ పెట్టాలి, అందరివీ అయ్యాకే మళ్లీ పంచాలి. రెండోది, ఊరికే కత్తులు దూస్తారు. ప్రశ్న అడిగితేనే దారి చెప్పే రాక్షసుణ్ని గుహ ముందు పెడితే ఆ గొడవ తగ్గుతుంది.

అన్నిటికన్నా చేటు చేసేది మధ్యలో తప్పులు దిద్దడం. 'తాళంచెవి ఎక్కడ?' అన్నప్పుడు తెలుగులో క్రియతో పనే లేదు, అందుకే 'వేర్ ద కీ?' అంటారు. తప్పని ఆపితే ఆ పిల్ల ఇక ఆ పూట మాట్లాడదు. సూత్రధారి రాక్షసుడి గొంతుతో 'వేర్ ఈజ్ ద కీ? ఇట్ ఈజ్ అండర్ ద స్టోన్' అంటే చాలు, సరైన వాక్యం చెవిన పడుతుంది. పథకం వేసుకోవడానికి నిమిషం సేపు తెలుగు మాట్లాడనివ్వాలి. జరిగిన కథను మర్నాడు భూతకాలంలో ఐదు వాక్యాలు రాయించాలి.

నలభై రెండు మంది తరగతికి ఏడుగురు సూత్రధారులు కావాలి. ముందురోజు టీచరే సూత్రధారిగా వాళ్లతో ఒకసారి ఆడితే నేర్చుకుంటారు. గోల తప్పదు, వరండాలోనో చెట్టు కిందో కూర్చోబెట్టాలి.

నెలలో నాలుగో శనివారపు 'నో బ్యాగ్ డే'న దీన్ని మొదలుపెట్టి, తర్వాత పదిహేను రోజులకో పీరియడ్ కేటాయించాలని విద్యాశాఖను కోరుతున్నాం. సిలబస్ వెనకబడిందని తనిఖీలో టీచర్లను నిలదీయకుండా, ఆ పీరియడ్‌ను బోధన కింద లెక్కించే ఉత్తర్వు కూడా ఇవ్వాలి.

– ఇంగ్లీషు ఉపాధ్యాయులు, సిద్దిపేట జిల్లా