నీ బొమ్మలో గళ్లెందుకు వస్తున్నాయంటే

కాకినాడ
ఆదివారం రాత్రి

చిరంజీవి చిన్నికి అమ్మ ఆశీర్వదించి రాసేది.

ఇక్కడ అందరం క్షేమం. మామ్మకి మోకాళ్ల నొప్పి కాస్త తగ్గింది, రోజూ గుడిదాకా నడిచి వస్తోంది. ఈ సంగతి ఫోన్లోనే చెబుదామనుకున్నాను. కానీ నువ్వు ఊ కొడుతూ ఇంకేదో టైప్ చేస్తుంటావు, ఆ కీబోర్డు చప్పుడు నాకు వినపడుతూనే ఉంటుంది. అందుకని ఉత్తరం.

మొన్న నీ ఫ్రాక్టల్ ప్రోగ్రాం గురించి, అదే, ఎంత లోపలికి తొంగిచూసినా అదే తీరు మెలికలు వచ్చే బొమ్మ గీసేది, దాని గురించి విసుక్కున్నావు కదా, "బొమ్మ చక్కగానే వస్తోందమ్మా, కాస్త లోపలికి జూమ్ చేశానో లేదో గళ్లు గళ్లుగా అయిపోతోంది" అని. మీ రూమ్మేటేమో నీ ల్యాప్‌టాప్ పాతదైపోయింది, మంచి గ్రాఫిక్స్ కార్డు ఉన్నది కొనుక్కో అందట. నువ్వు ఫోన్ పెట్టెయ్యగానే మీ నాన్న ఫిక్స్‌డ్ డిపాజిట్ కాగితాలు వెతకడం మొదలుపెట్టారు. నేనే ఆపాను. ల్యాప్‌టాప్ కొనొద్దు. తప్పు దానిది కాదు. నీ లెక్కకి అంకెలు చాలడం లేదు. ఇదే జబ్బు 1993లో నేనూ చూశాను, అది కూడా నీ ఫోన్ ముందు బొమ్మగా కూడా నిలబడలేని మిషన్ మీద.

బీయెస్సీ అయ్యాక ఇక్కడే ఒక కంప్యూటర్ సెంటర్లో డీబేస్, లోటస్, వర్డ్‌స్టార్ అనే అప్పటి ఆఫీసు ప్రోగ్రాములు చెప్పేదాన్నని నీకు తెలుసు. చెప్పులు బయట విప్పి లోపలికెళ్లే రోజులు. ఏసీ మనుషుల కోసం కాదు, మిషన్ల కోసం. ఉన్నవాటిలో ఒక్కటే 386 చిప్పున్న మిషన్, దానికొక్కదానికే కలర్ మానిటర్. దాన్ని ఓనరుగారు ఫీజు కట్టడానికొచ్చేవాళ్లకి కనపడేలా ముందు గదిలో, అద్దం తలుపుకి ఎదురుగా పెట్టించారు. ఒక స్టూడెంట్ వాళ్లన్నయ్య అమెరికాలో ఎమ్మెస్ చేస్తూ సెలవులకొచ్చి నాలుగు ఫ్లాపీలు ఇచ్చి వెళ్లాడు. వాటిలో మూడు షేర్‌వేర్.

షేర్‌వేర్ అంటే నీకు తెలియకపోవచ్చు. ముందు వాడి చూడు, నచ్చితే డబ్బు పంపు, స్నేహితులకి కాపీలు ఇచ్చుకో అనే పద్ధతి. 1982లో ఆండ్రూ ఫ్లూగెల్‌మన్ పీసీ-టాక్‌తోనూ, జిమ్ నాఫ్ పీసీ-ఫైల్‌తోనూ ఇంచుమించు ఒకేసారి మొదలుపెట్టారు. మా దాకా వచ్చిన వాటిలో ఒకటి ఫ్రాక్టల్ బొమ్మలు గీసేదే. తెరిచినప్పుడల్లా ఇరవై డాలర్లు పంపమని గుర్తుచేసేది. నాకు నిజంగానే పంపాలనిపించి బ్యాంకుకి వెళ్లి అడిగాను. "దేనికమ్మా?" అన్నారు. "బొమ్మలు గీసే ప్రోగ్రాముకండీ" అన్నాను. ఆయన నవ్వి టీ తెప్పించారు. డాలర్లు మాత్రం రాలేదు.

నాలుగో ఫ్లాపీలో ఉన్నది ఫ్రాక్టింట్. అది డబ్బు అడగనే అడగదు. దాంతో వచ్చిన కాగితాల్లో రాసే ఉంటుంది: డబ్బు అక్కర్లేదు, మాకుంది, మెచ్చుకోండి చాలు అని. బర్ట్ టైలర్ అనే ఆయన 1988లో ఫ్రాక్ట్386 పేరుతో మొదలుపెట్టాడు. తర్వాత టిమ్ వెగ్నర్, మార్క్ పీటర్సన్, పీటర్ బ్రాండర్‌హోర్స్ట్ వచ్చి చేరారు. ఇంకా ఎందరో కంప్యూసర్వ్ నెట్‌వర్క్ మీద ముక్కలు ముక్కలుగా కోడ్ పంపుతూ పెంచారు. తమని తాము స్టోన్ సూప్ గ్రూప్ అనుకునేవారు. ఆ కథ నీ చిన్నప్పుడు చెప్పాను, రాతి పులుసు కథ. ఊళ్లోకొచ్చినవాడు గిన్నెలో రాయి వేసి నీళ్లు మరిగిస్తుంటే, ఒకళ్లు ఉల్లిపాయ, ఇంకొకళ్లు ఉప్పు తెచ్చి వేస్తారే, అదే. ప్రోగ్రాంతో పాటు సోర్స్ కోడ్, అంటే వాళ్లు రాసిన అసలు పాఠం కూడా ఇచ్చేసేవారు. చిప్పుకి నేరుగా చెప్పే అసెంబ్లీ భాష నాకు రాకపోయినా, ప్రింటర్ రిబ్బన్ అరిగిపోతోందని ఓనరుగారు కేకలేస్తున్నా, అరవై పేజీలు ప్రింట్ తీసుకుని చదివాను.

ఎఫ్3 నొక్కితే 320 బై 200 చుక్కలు, 256 రంగులు. నీలంరంగు చెరువు, దాని చుట్టూ మంటల్లాంటి అంచులు. బెన్వా మాండెల్‌బ్రాట్ అనే గణితవేత్త 1980లో ఐబీఎంలో ఉండగా కంప్యూటర్ మీద వేయించి చూసిన బొమ్మే అది. ప్లస్ నొక్కితే రంగులన్నీ కదులుతూ లోపలికి పారేవి. బొమ్మని మళ్లీ లెక్కెయ్యదు, రంగుల పట్టికని గుండ్రంగా తిప్పుతుంది, అంతే. ఓనరుగారికి అది తెగ నచ్చింది. సాయంత్రం పూట అద్దం తలుపు ముందు అలా తిప్పుతూ వదిలేసేవారు. దారిన పోయే తండ్రులు లోపలికొచ్చి "ఈ కోర్సు ఎంతండీ?" అని అడిగేవారు. ఆయన వాళ్లని డీబేస్‌లో చేర్చేవారు.

సరే, అసలు విషయం. లెక్క నీకు తెలుసు, అయినా ఒక్కసారి చేత్తో చేసి చూడు. సున్నాతో మొదలుపెట్టి, వర్గం చేసి, నీ సంఖ్య, అంటే బొమ్మలో ఆ చుక్క ఉన్న చోటుకి చెందిన సంఖ్య, కలుపుతూ పో. నీ సంఖ్య 1 అయితే 1, 2, 5, 26, 677... పారిపోయింది. మైనస్ 1 అయితే మైనస్ 1, 0, మైనస్ 1, 0, ఇలాగే ఊగుతూ ఉంటుంది, ఎక్కడికీ పోదు. విలువ 2 దాటిందంటే ఇక వెనక్కి రాదు. ఎన్నో అడుగులో దాటిందో దాన్నిబట్టి రంగు. ఫ్రాక్టింట్ మామూలుగా 150 అడుగులదాకా చూసి, అప్పటికీ దాటకపోతే ఇది చెరువులోదేలే అని నీలం వేసేస్తుంది. 64,000 చుక్కలు, ఒక్కోదానికి 150 దాకా, అంటే 96 లక్షల సార్లు ఈ లెక్క చెయ్యాల్సి రావచ్చు.

386కి దశాంశాల లెక్క సొంతంగా రాదు. దానికి 387 అనే చిప్పు విడిగా కొని పెట్టాలి. మా ఓనరుగారి చేత మౌస్ ప్యాడ్ కొనిపించడమే గగనం. చిప్పు లేకపోతే ఒక్కో దశాంశ గుణకారాన్నీ బోలెడు చిన్న చిన్న పనులుగా విడగొట్టుకుని ఈడుస్తుంది. టైలర్ దీనికి మన కిరాణాకొట్టు శెట్టిగారి ఉపాయం పట్టాడు. పన్నెండు రూపాయల డెబ్భై అయిదు పైసలు అనకుండా 1275 పైసలు అనుకుంటే అంతా పూర్ణాంకాల లెక్కే. ఇక్కడ రూపాయికి వంద పైసలు కాదు, 53,68,70,912 పైసలు. అంటే రెండు పక్కన 29వ ఘాతం. 32 బిట్లలో, బిట్టంటే ఒక సున్నా లేదా ఒకటి పట్టే చోటు, ఒకటి ప్లస్ మైనస్ గుర్తుకి, రెండు పూర్ణాంకానికి, మిగిలిన 29 దశాంశాలకి. పైసల్ని పైసలతో గుణిస్తే జవాబు మళ్లీ భాగించుకోవాలి కదా, అది బిట్లని 29 స్థానాలు పక్కకి జరిపితే అయిపోతుంది. ఎటూ 2 దాటిన సంఖ్యతో మనకి పనిలేదు కాబట్టి ఆ రెండు బిట్లూ సరిపోతాయి. పేరులోని ఇంట్ అదే, ఇంటీజర్. ఆ పేజీ చదివిన రోజు నాకు అన్నం సహించలేదు. అంత తేలిక, అంత తెలివి.

ఇప్పుడు నీ ప్రోగ్రాంకి వద్దాం. షేడర్లో, అంటే గ్రాఫిక్స్ కార్డు మీద నడిచే కోడ్‌లో, దశాంశ సంఖ్యలకి ఫ్లోట్ అని రాశావు. ఆ ఫ్లోట్‌కి 32 బిట్లున్నా అసలు అంకెలకి దక్కేవి 23, రాయకపోయినా ఉందనుకునే ఒకటి కలిపి 24, మిగతావి గుర్తుకీ ఘాతానికీ పోతాయి. నువ్వు జూమ్ చేస్తున్నది మైనస్ 0.75 దగ్గర. అక్కడ నీ ఫ్లోట్‌కి పక్కపక్కనున్న రెండు సంఖ్యల మధ్య ఎంత దూరం ఉంటుందో, ఆ దూరాన్ని ఫ్రాక్టింట్ పైసలు 32 ముక్కలు చేస్తాయి. అంటే 1988 నాటి ఆ ప్రోగ్రాం, చిప్పు కూడా లేని మిషన్ మీద, నీ గ్రాఫిక్స్ కార్డు కంటే లోతుకి వెళ్లేది. వేగంలో నీకు సాటి రాదనుకో. నీ గళ్లంటే ఏమిటో ఇప్పుడు తెలిసిందా? పక్కపక్కనున్న చుక్కలకి వేరే సంఖ్యలు దొరక్క అన్నీ ఒకే సంఖ్యని పంచుకుంటున్నాయి. ఒక్కో గడీ ఒక్కో సంఖ్య. ఎంత ఖరీదైన కార్డు పెట్టినా, ఫ్లోట్ అని రాసినంతకాలం గళ్లు అక్కడే వస్తాయి, కాకపోతే త్వరగా వస్తాయి.

మందులు రెండున్నాయి. తేలికది, ప్రతి సంఖ్యనీ రెండు ఫ్లోట్ల జతగా దాచుకోవడం, ఒకటి పెద్ద భాగానికి, రెండోది మిగిలిన చిల్లరకి. ఒక ఆదివారం పని. రెండోది 2013లో కె. ఐ. మార్టిన్ వాడి చూపించిన పద్ధతి. పెళ్లిఫొటోకి వరసగా నిలబడ్డవాళ్లలో ఒక్కడి ఎత్తు టేపుతో కచ్చితంగా కొలిచి, మిగతావాళ్లు వాడికంటే ఎన్ని వేళ్లు ఎక్కువో తక్కువో రాసుకున్నట్టు, ఒక్క చుక్కకి మాత్రం కావలసినన్ని అంకెలతో లెక్కేసి, మిగతా చుక్కలకి తేడా ఒక్కటే లెక్కెయ్యడం. తేడాలు చిన్నవి కాబట్టి వాటికి నీ ఫ్లోట్ చాలా దూరం సరిపోతుంది. ముందు మొదటిది చెయ్యి, ఎగిరి రెండోదాని మీద పడకు. నీ సంగతి నాకు తెలుసు.

మాకు ఆ రెండోది ఎక్కడిది? పైసలు అయిపోయిన లోతుకి వెళ్తే ఫ్రాక్టింట్ తనే దశాంశాల లెక్కకి మారిపోయేది. అక్కణ్ణించి ఎద్దుబండే. సాయంత్రం క్లాసులయ్యాక మొదలుపెడితే మొదట పెద్ద పెద్ద గడులు, తర్వాత వాటిని నింపుతూ సన్నటి గీతలు, తెల్లారేసరికి సగం. 1994 వేసవిలో ఒక బొమ్మ మీద మూడు రాత్రులు పోయాయి. ప్రతి రాత్రీ కరెంటు తీసెయ్యడం, ఆ యూపీఎస్ పది నిమిషాలు కుయ్యోమని ఆరిపోవడం. పొద్దున్నే వెళ్లి చూస్తే బొమ్మ పోయి ఖాళీ తెర మీద సి కోలన్, పక్కన మినుకుమినుకుమనే గీత. మూడోరోజు ఏడ్చినంత పని చేసి ఆ కాగితాలు మొదట్నించీ చదివాను. సేవ్‌టైమ్ అని ఒక మాట ఉంది. అది ఇచ్చి మొదలుపెడితే ఇన్ని నిమిషాలకోసారి సగం బొమ్మని జిఫ్ అనే బొమ్మల ఫైలుగా దాచేస్తుంది. ఆ జిఫ్‌లో రంగులే కాదు, ఆ చోటు చిరునామా, లెక్క ఎక్కడిదాకా వచ్చిందో కూడా ఉంటాయి. ఆర్ నొక్కి తెరిస్తే ఆగినచోటి నుంచే మళ్లీ అందుకుంటుంది. దాన్ని రాసినవాళ్ల ఊళ్లో కరెంటు ఎలా ఉండేదో గానీ, మా కాకినాడ కోసమే పెట్టినట్టుంది. నేను పది నిమిషాలు పెట్టుకున్నాను.

మధ్యలో ఒకటి చెప్పాలి. ఫ్రాక్టింట్‌లో గీత గీసే సూత్రాలు కూడా ఉండేవి, ఎల్-సిస్టమ్స్. ముందుకెళ్లు, 60 డిగ్రీలు ఎడమకి తిరుగు, ముందుకెళ్లు, 120 కుడికి, ముందుకెళ్లు, 60 ఎడమకి, ముందుకెళ్లు. ప్రతి గీతనీ ఇలా నాలుగు గీతలుగా మార్చుకుంటూ పోతే మూడు గీతల త్రిభుజం 12, 48, 192 గీతల మంచుపువ్వు అవుతుంది. అమ్మమ్మ ఒకసారి సెంటర్‌కి క్యారేజీ తెచ్చి అది చూసి, "మెలికల ముగ్గుకి కంప్యూటరెందుకే?" అంది. అమ్మమ్మ ఊరికే అన్న మాటే గానీ, మద్రాస్ క్రిస్టియన్ కాలేజీ గిఫ్ట్ శిరోమణిగారు, మరో ఇద్దరు 1974లోనే ముగ్గులకి వ్యాకరణం రాసి అచ్చు వేశారు. అది నాకు చాలా ఏళ్ల తర్వాత తెలిసింది. అప్పటికి చెప్పడానికి అమ్మమ్మ లేదు.

ఆ మూడు రాత్రుల బొమ్మ పూర్తి కాలేదు. జూన్‌లో నా పెళ్లి కుదిరింది, ఉద్యోగం మానేశాను. వచ్చేటప్పుడు ఫ్రాక్టింట్ ఫ్లాపీనీ, సగం బొమ్మ ఫ్లాపీనీ చీరల మధ్య పెట్టి తెచ్చుకున్నాను. నువ్వు ఫోన్ చేసిన మర్నాడు అటక మీంచి ఆ డబ్బా దింపాను. పదకొండు ఫ్లాపీల్లో తొమ్మిదింటికి బూజు. నాన్న ఆన్‌లైన్‌లో యూఎస్‌బీ ఫ్లాపీ డ్రైవ్ తెప్పించారు, గరగరమని చాలాసేపు గీరింది గానీ ఆ రెండూ చదివింది. పాత ప్రోగ్రాములు నడిపే డాస్‌బాక్స్‌లో అదే ఫ్రాక్టింట్ పెట్టి, ఆర్ నొక్కి, ఫ్రాక్ట్001 తెరిచాను. పై సగం గీతలు, కింద సగం గళ్లు. ఎంటర్ నొక్కాను. కాఫీ పెట్టుకుని వచ్చేసరికి కింద సగమూ అయిపోయింది. సముద్రపు గుర్రం తోకలాంటి చుట్ట, దాని చివర మళ్లీ బుల్లి చెరువు. ఆ చెరువు ఉందని నాకు ముప్ఫై ఏళ్లుగా తెలియదు.

నాన్నని పిలిచి చూపించాను. "ఇందుకా నువ్వు పెళ్లయిన కొత్తలో మొహం ముడుచుకుని కూర్చునేదానివి?" అన్నారు.

ట్యాబ్ నొక్కితే ఆ చోటు చిరునామా వస్తుంది. అంకెలన్నీ తప్పుల్లేకుండా వెనకాల కాగితం మీద రాశాను, రెండుసార్లు సరిచూశాను. నీ ప్రోగ్రాంలో పెట్టు. ఇప్పుడైతే గళ్లు తప్ప ఏమీ కనపడవు. చెరువు కనపడిన రోజు ఫోన్ చెయ్యి, ఎంత రాత్రయినా సరే.

ఆవకాయ సీసా మూత గట్టిగా పెడుతున్నావా? ముక్కలు నూనెలో మునిగి ఉండాలి.

ఇట్లు
మీ అమ్మ