మాంసం మానేస్తే చాలదు, కంచంలో పప్పు పెరగాలి

సంపాదకులకు నమస్కారం.

కార్తీకం వస్తోందంటే శాకాహారం మీద వ్యాసాలు మొదలవుతాయి. మీ పత్రికలోనూ వస్తాయి. మొక్కల నుంచి వచ్చే ఆహారానికి మారితే గుండె బాగుంటుందని, షుగరు అదుపులో ఉంటుందని, బరువు తగ్గుతుందని రాస్తారు. అందులో అబద్ధమేమీ లేదు. కానీ అది చదివి మాంసం, చేప, గుడ్డు మానేసినవాళ్లు, కొందరైతే పాలు, పెరుగు కూడా వదిలేసినవాళ్లు ఆ ఖాళీని దేనితో నింపుతున్నారన్నది ఎవరూ అడగరు. మన దగ్గర ఆ ఖాళీలోకి వచ్చి కూర్చునేది తెల్లన్నం. దాని వెనకాలే బంగాళాదుంప వేపుడు, పులిహోర, పూరీ, సాయంత్రం పూట మిరపకాయ బజ్జీ.

జనాభా లెక్కలు చూసే భారత రిజిస్ట్రార్ జనరల్ కార్యాలయం 2014 నాటి సర్వే ప్రకారం తెలుగు రాష్ట్రాల్లో 98 శాతానికి పైగా మాంసాహారం తినేవాళ్లే. తరతరాలుగా శాకాహారులైన ఇళ్లలో గట్టిపప్పు, పొడులు, పెరుగు ఒక పద్ధతిలో కుదురుకుని ఉంటాయి. స్టెంట్ వేశాకో, షుగరు బయటపడ్డాకో యాభై దాటి మాంసం మానేసే ఇంట్లో ఆ పద్ధతి ఉండదు. అక్కడ కోడికూర పోతుంది, దాని పక్కన ఉండే చారు మాత్రం అలాగే మిగులుతుంది. ఈ ఉత్తరం ముఖ్యంగా అలాంటి ఇళ్ల కోసం.

ఆకూ కాయా తింటున్నాం కదా, ఇంకేం కావాలనే భరోసా ఎంత బలహీనమైనదో అమెరికాలో వైద్య వృత్తిలో ఉన్న రెండు లక్షల మందికి పైగా మనుషుల ఆహారాన్ని పరిశీలించి 2017లో వెలువరించిన అధ్యయనం చూపించింది. ముడిధాన్యం, పప్పులు, కూరగాయలు, పండ్లు, గింజలు బాగా తిన్నవారిలో గుండెజబ్బు ముప్పు పావు వంతు తగ్గింది. పాలిష్ ధాన్యం, బంగాళాదుంప, తీపి పానీయాలు, మిఠాయిలతో కడుపు నింపుకున్నవారిలో మూడో వంతు దాకా పెరిగింది. రెండు రకాల భోజనాల్లోనూ జంతు ఆహారం తక్కువే. 2019లో బ్రిటన్ నుంచి వచ్చిన మరో పెద్ద అధ్యయనంలో శాకాహారులకు గుండెజబ్బు 22 శాతం తక్కువగానూ, పక్షవాతం 20 శాతం ఎక్కువగానూ కనిపించాయి. ఆ అధ్యయనంలోనే పాలు కూడా ముట్టని వీగన్లలో తుంటి ఎముక విరగడం, మాంసం తినేవాళ్లతో పోలిస్తే రెట్టింపు పైచిలుకని 2020లో తేలింది. శాకాహారం చెడ్డదని చెప్పడానికి కాదు ఇదంతా. సగం చేసి వదిలేస్తే లాభం కూడా సగమే, ఒక్కోసారి నష్టం.

లెక్కకు వద్దాం. హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో కొత్త మార్గదర్శకాలు ఇచ్చింది. రోజుకు 2000 కిలోకేలరీలు తీసుకునే మనిషికి ధాన్యం 250 గ్రాములు, పప్పుధాన్యాలు (మాంసాహారులైతే గుడ్డు, మాంసం కలిపి) 85 గ్రాములు, కూరగాయలు ఆకుకూరలు 400 గ్రాములు, పండ్లు 100 గ్రాములు, పల్లీలు, నువ్వుల వంటి గింజలు 35 గ్రాములు, నూనె 27 గ్రాములు, పాలు లేదా పెరుగు 300 మిల్లీలీటర్లు. ఇవన్నీ వండకముందు తూకాలు. వంటింటి త్రాసు మీద ఒక్కసారి 85 గ్రాముల కందిపప్పు తూచి చూడండి, అది ఒక్క మనిషికి ఒక్క రోజుదని నమ్మబుద్ధి కాదు. నలుగురున్న ఇంటికి నెలకు 10 కిలోల పప్పులు, శనగలు, పెసలు, ఉలవలు, బొబ్బర్లు అన్నీ కలిపి. నెల సరుకుల చీటీలో రెండు కిలోల కందిపప్పు రాసుకునే ఇల్లు ఎంత వెనకబడి ఉందో అక్కడే తెలిసిపోతుంది. నూనె లెక్క దీనికి తలకిందులు. అదే నలుగురికి నెలంతా మూడున్నర లీటర్లు చాలు.

గరిటెడు పప్పుచారులో 10 గ్రాముల పప్పు ఉంటే గొప్ప. పప్పు తిన్నాం అనే మాటకు అర్థం ముద్దపప్పో, గట్టిగా వండిన తోటకూర పప్పో అయి ఉండాలి.

60 కిలోల మనిషికి రోజుకు దాదాపు 50 గ్రాముల ప్రొటీన్ కావాలి. అది ఎలా వస్తుందో ఒక రోజు భోజనంలో చూపిస్తాను. పొద్దున 50 గ్రాముల పెసలతో పెసరట్లు, 20 గ్రాముల పల్లీల చట్నీ: 16 గ్రాములు. అదే చోట 60 గ్రాముల రవ్వ ఉప్మా తింటే ఆరేడు గ్రాములు దాటదు. మధ్యాహ్నం 110 గ్రాముల బియ్యం, 35 గ్రాముల కందిపప్పు: 16 గ్రాములు. సాయంత్రం 30 గ్రాముల శనగల గుగ్గిళ్లు: 6. రాత్రి 80 గ్రాముల పిండితో జొన్నరొట్టెలు: 8. రోజంతా తినే కూరలు, ఆకుకూరల నుంచి మరో 8. మొత్తం 54. పాలు ఇందులో కలపలేదు. పొడి డబ్బాలు, విదేశీ సోయా ముక్కలు ఏవీ అక్కర్లేదు. ప్రొటీన్‌లో భాగాలైన అమైనో ఆమ్లాల్లో, బియ్యంలో తక్కువపడే లైసిన్ పప్పులో ఉంటుంది, పప్పులో తక్కువపడే మెథియోనిన్ బియ్యంలో ఉంటుంది. రెండూ ఒకే ముద్దలో పడాలనేమీ లేదు, ఆ రోజులో పడితే చాలు.

సిరిధాన్యాల గురించి ఒక మాట. బియ్యం బదులు కొర్రలు, జొన్నలు, రాగులు తినడం మంచిదే, పీచు వస్తుంది. అయితే అవి ధాన్యాలు, పప్పులు కావు. అండుకొర్రల అన్నంలో నీళ్ల చారు పోసుకుని తింటే కథ మళ్లీ మొదటికే వస్తుంది. ఈ మధ్య వాటికి అంటగడుతున్న మహిమలు చాలావరకు ఆ పూట బియ్యం తగ్గడం వల్ల వచ్చినవే.

పప్పులు ఒక్కసారిగా పెంచితే కడుపు ఉబ్బుతుంది. చాలామంది రెండో వారానికే ‘నాకు పడదు’ అని వదిలేసేది ఇక్కడే. తేలికగా అరిగే పెసరపప్పుతో మొదలుపెట్టి, మూడు నాలుగు వారాల్లో శనగలు, ఉలవల దాకా వెళ్లండి. ఉలవలు, శనగలు, రాజ్మా రాత్రంతా, ఎనిమిది నుంచి పన్నెండు గంటలు నానాలి. ఆ నీళ్లు పారబోసి కొత్త నీళ్లలో వండితే గ్యాస్ పుట్టించే చక్కెరలు కొంత పోతాయి. రాజ్మాను మాత్రం మెల్లగా మాగబెట్టే కుక్కర్లలో పచ్చిగా వేయకూడదు. అందులోని లెక్టిన్ అనే విషపదార్థం పోవాలంటే ముందు పది నిమిషాలైనా తెర్లి తెర్లి ఉడకాలి, లేకపోతే వాంతులు, విరేచనాలు. పీచు పెరిగినప్పుడు నీళ్లు తగ్గిస్తే మలబద్ధకం రాక తప్పదు.

ఇక అసలు గండం బీ12. ఈ విటమిన్‌ను తయారు చేసేవి సూక్ష్మజీవులు, మనకు అందేది జంతు ఆహారం ద్వారా. పులిసిన ఇడ్లీ పిండిలో, చద్దన్నంలో, పుట్టగొడుగుల్లో నమ్ముకోదగ్గ బీ12 ఉండదు. స్పిరులినాలో ఉండేది చాలావరకు దానిలా కనిపించే నకిలీ రూపం, ఒంటికి పనికిరాదు, పైగా రక్తపరీక్షలో అసలుదిలా కనిపించి మోసం చేస్తుంది. రోజుకు కావలసింది 2.2 మైక్రోగ్రాములు. 300 మిల్లీలీటర్ల పాలల్లో అందులో సగం దొరుకుతుంది. నీళ్ల మజ్జిగను లెక్కలో వేసుకోకండి.

మాంసం మానేసి మూడేళ్లయింది, నాకేమీ కాలేదు అనేవాళ్లుంటారు. అప్పుడే ఏమీ కాదు మరి, కాలేయంలో ఏళ్లకు సరిపడా బీ12 నిల్వ ఉంటుంది. అది అడుగంటాక అరికాళ్ల తిమ్మిరి, మంట, నడకలో తూలు, మతిమరుపు మొదలవుతాయి. ఆకుకూరలు, పప్పులు బాగా తినేవాళ్లలో ఫోలేట్ అనే మరో విటమిన్ పుష్కలంగా ఉంటుంది కాబట్టి రక్తహీనత కనిపించకుండానే నరాలు దెబ్బతినవచ్చు. హిమోగ్లోబిన్ బాగుందని ధీమా పడకూడదన్నది అందుకే. షుగరుకు మెట్‌ఫార్మిన్, కడుపుమంటకు ఒమెప్రజోల్, పాంటాప్రజోల్ ఏళ్ల తరబడి వాడేవాళ్లకు ముప్పు మరీ ఎక్కువ. మన దగ్గర ఒకే మనిషి ఈ మూడు గీతలూ దాటి ఉండటం మామూలే: శాకాహారం, షుగరు మాత్ర, పరగడుపున గ్యాస్ మాత్ర.

మందు తేలిక. పేగు ఒక విడతలో గట్టిగా రెండు మైక్రోగ్రాములే పట్టుకుంటుంది, ఎక్కువ మోతాదులో వేసుకుంటే మిగతా దానిలో ఒక శాతం మాత్రం ఊరికే లోపలికి జారుతుంది. అందుకే రోజూ వేసుకుంటే 50 మైక్రోగ్రాములు చాలు, వారానికి ఒక్కసారే వేసుకుంటే 2000 కావాలి. మందుల షాపులో బీ12 అడిగితే మిథైల్‌కోబాలమిన్‌తో (బీ12లో ఒక రూపం) పాటు ప్రీగాబాలిన్ కలిపిన గొట్టం మాత్రలు చేతికి వస్తుంటాయి. ప్రీగాబాలిన్ నరాల నొప్పికి మందు, మత్తు తెస్తుంది, డాక్టరు రాస్తేనే వాడాలి. స్ట్రిప్ వెనక ఒక్క పేరే ఉందో లేదో చదివి కొనండి. మాత్రలు మొదలుపెట్టాక చేసే రక్తపరీక్షలో బీ12 అంకె పెరిగి కనిపిస్తుంది, అందుకని ముందే ఒకసారి పరీక్ష చేయించుకోవాలి. మిల్లీలీటరుకు 200 పికోగ్రాముల లోపు ఉన్నా, తిమ్మిర్లు ఉన్నా సొంత వైద్యం కాదు, డాక్టరు దగ్గరికే.

రేషన్ బియ్యంలో బీ12 కలిపారు కదా అంటారు. కలిపింది కిలోకు ఒక మైక్రోగ్రాము అటూ ఇటూ. 250 గ్రాముల బియ్యానికి పావు మైక్రోగ్రాము. ఆ కాస్త కూడా దక్కనివ్వలేదు మనం. కడిగేటప్పుడు పైకి తేలే తెల్లని గింజలు ‘ప్లాస్టిక్ బియ్యం’ అని ఏరి పారేసిన ఇళ్లు ఉన్నాయి. నూరు బియ్యపు గింజలకు ఒకటి చొప్పున కలిపిన బలవర్ధక గింజలు అవే. బియ్యప్పిండిలో ఐరన్, ఫోలిక్ యాసిడ్, బీ12 కలిపి చేసినవి.

ఐరన్ విషయంలో మన వంటే మనకు దారి చూపిస్తుంది. పప్పులో, ఆకుకూరలో ఉండే ఇనుము ఒంటికి పట్టడం కష్టం, నిమ్మకాయ పిండితే, ఉసిరి, జామ పక్కన ఉంటే తేలికవుతుంది. నిమ్మరసం పొయ్యి మీద కాదు, దించాక పిండాలి. భోజనం కాగానే టీ, కాఫీ తాగితే ఆ పట్టేది కూడా పట్టదు, గంటైనా ఆగాలి. కాల్షియం పాలు మానేసినవాళ్ల సమస్య. రోజుకు 1000 మిల్లీగ్రాములు కావాలి. 50 గ్రాముల రాగుల్లో 180, పెద్ద చెంచా పొట్టు తీయని నువ్వుల్లో 115, 50 గ్రాముల మునగాకులో 150 వస్తుంది. మూడూ కలిపినా సగం దాటదు. పాలకూర దీనికి పనికిరాదు, అందులోని ఆక్సలేట్ కాల్షియాన్ని పట్టేసుకుంటుంది. పాలు, పెరుగు మానేయాలని పట్టుదల లేనివాళ్లు వాటిని ఉంచుకోవడమే మేలని నా అభిప్రాయం. ఒమేగా-3 అనే మంచి కొవ్వు కోసం రోజుకు చెంచా అవిసె గింజలు చాలు. దంచి తినాలి, గింజ పళంగా మింగితే అలాగే బయటికి పోతాయి. ఆ పొడి ముక్క వాసన వేస్తుంది కనుక కొద్దికొద్దిగా కొట్టుకుని ఫ్రిజ్‌లో పెట్టాలి.

శాకాహారంతో పాటే చాలామంది సైంధవ లవణానికి మారుతున్నారు. చేప లేదు, పాలు లేవు, ఉప్పులో అయోడిన్ కూడా లేదంటే థైరాయిడ్ ఏం కావాలి? ఏ ఉప్పైనా ప్యాకెట్ మీద అయోడైజ్డ్ అని ఉండాలి, రోజుకు 5 గ్రాములు మించకూడదు. ఆవకాయ, అప్పడాలు కూడా ఆ 5 గ్రాముల్లోనే.

మందులు వాడేవాళ్లు మారేముందు డాక్టరుకు చెప్పి తీరాలి. షుగరుకు ఇన్సులిన్, గ్లిమెపిరైడ్ వాడుతూ అన్నం సగానికి తగ్గిస్తే అదే మోతాదుకు షుగరు పడిపోయి మనిషి పడిపోతాడు. రక్తం గడ్డకట్టకుండా వార్ఫరిన్ వాడేవాళ్లు ఆకుకూర ఒక వారం గంపలు, ఒక వారం సున్నా అన్నట్టు తినకూడదు. కిడ్నీ జబ్బు ముదిరినవాళ్లకు ఈ ఉత్తరంలోని కొలతలు వర్తించవు. పప్పులు, కొబ్బరినీళ్లు, ఆకుకూరల్లోని పొటాషియం వాళ్లకు ప్రమాదం. థైరాయిడ్ మాత్రకూ కాల్షియం, ఐరన్ మాత్రలకూ నాలుగు గంటలు ఎడం ఉండాలి. గర్భిణులు, చిన్నపిల్లల మీద ఈ ప్రయోగాలు వద్దు. అంగన్వాడీలో, బడిలో ఇచ్చే గుడ్డు తినే పిల్లలను తిననివ్వండి.

చివరగా ప్రభుత్వాలకు, మీ పత్రికకు చెరొక విన్నపం. తెలంగాణలో 2025 ఉగాది నుంచి రేషన్ కార్డు మీద మనిషికి నెలకు 6 కిలోల సన్నబియ్యం ఇస్తున్నారు. రోజుకు 200 గ్రాములు, అంటే ధాన్యం కోటాలో ఎక్కువ భాగం తీరినట్టే. రోజుకు 85 గ్రాముల చొప్పున పప్పుధాన్యాలు నెలకు రెండున్నర కిలోలవుతాయి. రెండు రాష్ట్రాల్లోనూ అందులో కనీసం ఒక కిలో ప్రతి మనిషికీ రేషన్ ద్వారా ఇవ్వాలి, అదీ కందిపప్పే కానక్కర్లేదు, స్థానికంగా పండే శనగలు, ఉలవలు, పెసలైనా సరే. మీరు వేసే వంటల శీర్షికలో ‘పప్పు ఒక కప్పు’ అని వదిలేయకుండా, ఎన్ని గ్రాములో, ఎంతమందికో రాయించండి.

ఇట్లు,
పోషకాహార శాస్త్ర విశ్రాంత అధ్యాపకురాలు,
గుంటూరు