పేరు అడగడం మర్చిపోయిన అన్నకి థాంక్స్

అన్నా, ఆ రోజు సైకిల్ షాపులో మీరు లేకపోతే నా డబ్బంతా వృథా అయ్యేది. ముందూ వెనకా సస్పెన్షన్ ఉంది, పైగా చవక, ఇంకేం కావాలని నేను డబ్బు కట్టబోతుంటే ఆపి, అంత తక్కువ ధరలో వెనక షాక్ కూడా పెట్టారంటే బరువు పెరుగుతుంది, మిగతా పార్టులు నాసిరకంవి వేస్తారు, మొదటి బండికి హార్డ్‌టెయిల్ (ముందు మాత్రమే సస్పెన్షన్ ఉండేది) చాలు, ఉన్న డబ్బు మంచి బ్రేకుల మీద పెట్టు అన్నారు. తర్వాత ఆ మూలనున్న పాత సైకిల్ ముందు బ్రేకు గట్టిగా పట్టి, ముందుకీ వెనక్కీ ఊపుతూ, హ్యాండిల్ ఫ్రేములో తిరిగే చోట ఉండే హెడ్‌సెట్ మీద నా వేలు పెట్టించి ఏమైనా కదులుతోందా అని అడిగారు. ఏమీ కదల్లేదు, అంటే అక్కడ లూజు లేదన్నమాట. అదే కొన్నాను, మిగిలిన డబ్బుతో హెల్మెట్ వచ్చింది. ముక్కూమొహం తెలియని నాకోసం అంతసేపు ఓపిగ్గా నిలబడ్డారు, చాలా చాలా థాంక్స్ అన్నా.