ఒక్క లైనూ వేయలేదని కోప్పడిన సంపాదకుడు

సంపాదకులకు నమస్కారం.

జపాన్‌లో ఏటా జనవరిలోనూ జులైలోనూ కొత్త రచయితలకిచ్చే అకుతగావా సాహిత్య బహుమతి ప్రకటిస్తారు. మీ పత్రికలో ఆ వార్త వచ్చినా రెండు మూడు వాక్యాలు దాటదు. ఎవరికి వచ్చిందో, పుస్తకం పేరేమిటో ఉంటుంది, అంతే. ఆ బహుమతిని నెలకొల్పిన రచయిత, సంపాదకుడు కికుచి కాన్ సరిగ్గా ఈ విషయం మీదే పత్రికలతో గొడవపడిన మనిషి. అందుకే ఈ ఉత్తరం.

1935లో మొదటిసారి బహుమతులు ప్రకటించినప్పుడు కికుచి పత్రికల వాళ్లను ఆహ్వానించి, మర్యాదగా కబురు చెప్పారు. కొన్ని పత్రికలు ఒక్క లైను కూడా వేయలేదు. ఆయనకు ఒళ్లు మండింది. చిత్రకళా ప్రదర్శనకు తొలిసారి ఎంపికైన వాళ్లకు ఫొటోతో సహా చోటిస్తారు కదా, కొత్త రచయిత ఏం పాపం చేశాడన్నది ఆయన బాధ. ఆ కోపాన్ని తన మాసపత్రిక 'బుంగేయి షుంజూ'లోనే రాసేశారు. ఈ బహుమతులు సగం తన పత్రిక ప్రచారానికేనని, మిగతా సగం చనిపోయిన తన రచయిత మిత్రులు అకుతగావా, నవోకిల పేరు నిలపడానికి, కొత్తవాళ్లను పైకి తేవడానికి అని కూడా దాపరికం లేకుండా చెప్పారు. డబ్బు లెక్కనీ సాహిత్యం మీద ప్రేమనీ అంత తేటగా ఒకేచోట ఒప్పుకున్న సంపాదకుణ్ణి నేను ఇంకొకరిని చూడలేదు.

ఆ తత్వం ఆయనకు పేదరికం నుంచి వచ్చిందనే నా నమ్మకం. 1888లో షికోకు దీవిలోని తకమత్సులో పుట్టారు. చిన్నప్పుడు పాఠ్యపుస్తకం కొనే స్తోమత లేక చేత్తో రాసుకుని చదివారు. టోక్యోలో చదువుకునేటప్పుడు స్నేహితుడు చేసిన దొంగతనాన్ని తన మీద వేసుకుని 1913లో చదువు వదిలేయాల్సి వచ్చింది. తర్వాత క్యోటోలో డిగ్రీ, ఆపైన దినపత్రికలో విలేకరి ఉద్యోగం. 1920లో 'షింజు ఫుజిన్' అనే సీరియల్ నవల ఆయనకు పెద్ద పేరు తెచ్చింది. ముందు బతుకు, తర్వాతే కళ అనేవారు. 1922లో విమర్శకుడిగా ఆయన చేసిన వాదన కూడా ఆ దారిలోదే. పనితనం ఒక్కటే చాలదని, రచనలోని విషయానికి మనిషి జీవితంలో విలువ ఉండాలని పట్టుబట్టారు. దాని మీద రచయిత సతోమి తోన్‌తో పెద్ద చర్చే నడిచింది.

ఇతరులు అడిగినవి రాసిపెట్టడం విసుగొచ్చిందని, ఇక పాఠకులకూ సంపాదకులకూ జంకకుండా అనుకున్నది చెప్పాలని ఉందని అంటూ 1923 జనవరిలో సొంత పత్రిక మొదలుపెట్టారు. తొలి సంచిక 28 పేజీలు, వెల 10 సెన్‌లు (సెన్ అంటే యెన్‌లో నూరోవంతు). వేసిన 3,000 ప్రతులూ అమ్ముడుపోయాయి. ఆ సంచికలో ప్రాణస్నేహితుడు అకుతగావా ర్యూనొసుకె కూడా రాశారు. వాళ్ల స్నేహం ఎంతటిదంటే, అకుతగావా తన పెద్దకొడుక్కి కికుచి పేరే పెట్టుకున్నారు. 1927లో అకుతగావా ఆత్మహత్య చేసుకున్నారు, 1934లో నవోకి సంజూగో పోయారు. ఆ ఇద్దరి పేర్ల మీదే బహుమతులు వచ్చాయి. గెలిచినవాళ్లకు ఒక గడియారం, 500 యెన్‌లు. శాలువా కప్పి పంపడం కన్నా కొత్త రచయితకు అది ఎంత పెద్ద ఆసరానో ఊహించవచ్చు.

అయితే కికుచి గురించి రాస్తే యుద్ధకాలాన్నీ రాయాలి. తొలి అకుతగావా బహుమతి అందుకున్న ఇషికావా తత్సుజో చైనా యుద్ధానికి వెళ్లి, సైనికులు అక్కడ ఏం చేస్తున్నారో కథగా రాశారు. 1938లో ఆ రచన వేసిన పత్రిక సంచికను ప్రభుత్వం నిషేధించి, ఆయనకు శిక్ష వేసింది. అదే ఏడాది కికుచి ప్రభుత్వం తరఫున రచయితల బృందాన్ని చైనా యుద్ధరంగానికి తీసుకెళ్లారు. తను గుర్తించిన రచయిత నిజం రాసి శిక్ష పడ్డ ఏడే ఆయన ఆ పని చేయడం నన్ను ఇప్పటికీ బాధపెడుతుంది. యుద్ధం అయ్యాక 1947లో ఆయన్ని ప్రజా పదవుల నుంచి నిషేధించారు. ఆ నిషేధం ఉండగానే 1948 మార్చిలో పోయారు. ఆయన పెట్టిన పత్రికను సిబ్బంది కొత్త సంస్థగా ఏర్పడి నిలబెట్టారు. అది నేటికీ వస్తోంది.

సాహిత్య బహుమతి వెనక ఇంత కథ ఉంటుంది. ఎవరు పెట్టారు, ఎందుకు పెట్టారు, ఎవరు చదివి ఎంపిక చేశారు, రచయిత చేతికి ఏం అందింది అన్నవి పాఠకులకు తెలియాలి. జపాన్ బహుమతికే కాదు, మన తెలుగు రచయితలకు వచ్చేవాటికీ ఇదే వర్తిస్తుంది. సినిమా ఫంక్షన్‌కు అరపేజీ ఇచ్చే రోజున కథా సంపుటికి బహుమతి వచ్చిన రచయితకు కనీసం ఒక కాలమ్ ఇవ్వలేమా?

వచ్చే ప్రకటన నాటికి మీ ఆదివారం సంచికలో కికుచి కాన్ మీద, యుద్ధకాలం సంగతులతో సహా, ఒక పూర్తి వ్యాసం వేయండి. అలాగే మన దగ్గర బహుమతి వచ్చిన ప్రతి పుస్తకం నుంచి రచయిత అనుమతితో ఒక పేజీ అచ్చు వేయండి, దానికి పారితోషికం కూడా ఇవ్వండి.

– ఒక పాఠకురాలు, విజయనగరం