లేని ఫైలు కోసం వెతకొద్దు, దాన్ని పిలుస్తున్నదేదో చూడండి

సంపాదకులు గారికి, నమస్కారం.

నేను ఇంటి దగ్గరే టైపింగ్ పని చేసుకుంటాను. పాత ప్రింటర్ మూలపడ్డాక దాని సాఫ్ట్‌వేర్‌ను కూడా కంప్యూటర్‌లోంచి తీసేశాను. మర్నాటి నుంచి కంప్యూటర్ ఆన్ చేయగానే తెర మధ్యలో 'రన్‌డిఎల్ఎల్' పేరుతో ఒక పెట్టె రావడం మొదలైంది. ఫలానా డిఎల్ఎల్ ఫైలును (ప్రోగ్రామ్‌లు పని చేయడానికి వాడుకునే ఫైలు) మొదలుపెట్టడంలో ఇబ్బంది వచ్చిందట, 'ది స్పెసిఫైడ్ మాడ్యూల్ కుడ్ నాట్ బి ఫౌండ్' అట, అంటే ఆ ఫైలు దొరకలేదని. ఓకే నొక్కితే పోతుంది, ఆ తర్వాత పనంతా మామూలే. అయినా రోజూ పొద్దున్నే అదే టెన్షన్.

రిపేర్లు చేసే ఒకాయనకు ఫోన్ చేస్తే, విండోస్ మొత్తం మళ్లీ ఎక్కించాల్సిందే అన్నారు. మా తమ్ముడేమో ఆ ఫైలు నెట్‌లో దొరుకుతుంది, దించి పెట్టేయక్కా అన్నాడు. రెండిట్లో ఏదో ఒకటి చేసేసేదాన్నే. ఒకరోజు ఓకే నొక్కకుండా ఆ పెట్టెలోని వాక్యాన్ని అక్షరం అక్షరం కాగితం మీద రాసుకున్నాను. ఫైలు పేరుకు ముందున్న దారిలో నేను తీసేసిన ప్రింటర్ ఫోల్డర్ పేరు కనబడింది. అంటే పోయింది విండోస్ ఫైలు కాదు. నేనే వద్దని తీసేసినది!

ఇల్లు ఖాళీ చేసి వెళ్లిన వాళ్ల పేరు మీద ఉత్తరాలు వస్తూనే ఉంటాయి కదా, ఇదీ అలాంటిదే. సాఫ్ట్‌వేర్ వెళ్లిపోయింది, కానీ 'ఆన్ కాగానే నన్ను లేపు' అని అది రాసిపెట్టుకున్న మాట అలాగే ఉండిపోయింది. రన్‌డిఎల్ఎల్ 32 అనేది విండోస్ సొంత ప్రోగ్రామే, చెప్పిన ఫైలును పిలవడమే దాని పని. వైరస్ అనుకుని దాన్ని తీసేయకండి. వైరస్‌ను యాంటీవైరస్ తొలగించాక దాని పిలుపు మిగిలిపోయినా ఇలాంటి పెట్టే వస్తుంది కాబట్టి, ఒకసారి పూర్తి స్కాన్ చేయించడం మాత్రం మంచిదే.

ఆ మాట రాసి ఉండే చోట్లు కొన్నే. ముందు టాస్క్ మేనేజర్‌లో స్టార్టప్ జాబితా (కంప్యూటర్ ఆన్ కాగానే మొదలయ్యే ప్రోగ్రామ్‌ల జాబితా) చూశాను, అందులో లేదు. ఏ పని ఎప్పుడు మొదలవ్వాలో విండోస్ రాసిపెట్టుకునే టాస్క్ షెడ్యూలర్ తెరిచి ఒక్కో పని మీద నొక్కుతూ యాక్షన్స్ అనే చోట చూస్తూ పోయాను. కాగితం మీద రాసుకున్న దారే ఒక వరుసలో కనబడింది. వెంటనే డిలీట్ చేయలేదు, డిసేబుల్ మాత్రం చేసి రీస్టార్ట్ చేశాను. పెట్టె రాలేదు. వారం చూసి అప్పుడు తీసేశాను.

అక్కడా దొరక్కపోతే మైక్రోసాఫ్ట్ ఉచితంగా ఇచ్చే ఆటోరన్స్ అనే ప్రోగ్రామ్ ఉంది. రిజిస్ట్రీలోని (విండోస్ తన సెట్టింగులు దాచుకునే చోటు) రన్ వరుసలతో సహా అన్నీ ఒకేచోట చూపిస్తుంది, ఫైలు లేని వరుసలకు పసుపు రంగు వేస్తుంది. మీ పెట్టెలోని ఫైలు పేరున్న వరుసకే ఎదురుగా టిక్ తీసేస్తే చాలు. పొరబాటైతే మళ్లీ టిక్ పెట్టుకోవచ్చు. పసుపు కనబడిందని అన్నీ తీసేయకండి. ఒకవేళ పోయిన ఫైలు నిజంగా విండోస్‌దే అయితే సంగతి వేరు. అప్పుడు కమాండ్ ప్రాంప్ట్‌ను అడ్మినిస్ట్రేటర్‌గా తెరిచి, విండోస్ ఫైళ్లను సరిచూసి బాగుచేసే ఎస్ఎఫ్‌సి స్కాన్‌నౌ (sfc /scannow) అనే ఆదేశం నడపాలి. ఏ సందర్భంలోనైనా ఊరూపేరూ లేని సైట్ల నుంచి డిఎల్ఎల్ దించుకోవద్దు. ఆ ఫైలులో ఏముందో మనకెలా తెలుస్తుంది?

సాఫ్ట్‌వేర్ తయారుచేసే వాళ్లకు నా విన్నపం ఒకటే. ఎక్కించేటప్పుడు మీరు ఎన్నిచోట్ల పేరు రాసుకుంటారో, తీసేటప్పుడు అన్నిచోట్లా మీరే చెరపండి. విండోస్ వాళ్లకూ ఒక మాట. ఆ పెట్టెలో దొరకని ఫైలు పేరు చెబుతున్నారు గానీ, దాన్ని పిలిచింది ఏదో చెప్పడం లేదు. 'ఈ పిలుపు టాస్క్ షెడ్యూలర్ నుంచి వచ్చింది' అని ఒక్క ముక్క ఉంటే నేను మొదటి రోజే తీసేసుకునేదాన్ని.

ఇట్లు,
ఒక పాఠకురాలు